అత్తగారి బంగారు పన్ను

పొద్దున్నే మెకానిక్ షెడ్డు షట్టరు ఎత్తగానే కోడలు చేసే మొదటి పని అత్తగారి పన్ను తుడవడం. మీటరూ స్కానరూ ఆ తర్వాతే. ముసలావిణ్ణి కారెక్కించి నోరు తెరవమంటే చాలు, ఏ తీగకి జబ్బు చేసినా పైవరసలోని బంగారు పన్ను మెరుస్తుంది. పొడుగు మెరుపులు పదులు, పొట్టి మెరుపులు ఒకట్లు. లెక్కపెట్టుకుంటే స్కానరు చూపించే కోడు అంకె. చిక్కల్లా ఆవిడ మాటలు ఆపించడమే. ఆవిడ కబుర్లు అయ్యేలోపు కొత్త బ్యాటరీలు కూడా దిగిపోయేవి.

ఆ రోజు పిల్లల్ని బళ్ళో దింపి పొట్టక్క స్కూలు వ్యాను తోలుకొచ్చింది. ఎంత పొట్టంటే, ఎదురొచ్చేవాళ్ళకి వ్యాను తనంతట తనే వస్తున్నట్టుండేది. వెనకే బైకు మీద ఓనరు.

"దారి మధ్యలో ఆగిపోతోందమ్మా. వేరేవాళ్ళు నడిపితే గుర్రంలా పరిగెడుతుంది, ఈవిడెక్కితేనే చస్తుంది. రేపట్నించి కొత్త డ్రైవరొస్తున్నాడు. వాడి చేతికిచ్చే ముందు ఓసారి చూడు."

"తొమ్మిదేళ్ళు నడిపాను సార్, ఒక్క గీత పడిందా?" అంది పొట్టక్క. తాళంచెవి మాత్రం పిడికిట్లోంచి వదల్లేదు.

కోడలు ఆవిడ చేతే తాళం తిప్పించి, స్కానరు తగిలించింది. దారిలో ఆగినప్పుడు పడ్డ కోడు ముప్పై అయిదు. ఇంజను తిరగడాన్ని కనిపెట్టే సెన్సరు.

"మూడు షెడ్లలో మూడుసార్లు మార్పించాను దాన్ని!" అన్నాడు ఓనరు.

"కోడు చెప్పేది ఫిర్యాదు చేసినవాడి పేరండీ. దొంగని మనమే పట్టుకోవాలి. అత్తయ్యా, నోరు!"

"ఉండవే. మా చిన్నాడపడుచు మొగుడు గోడ దూకాడా, అవతల చూస్తే..."

"అత్తయ్యా!"

నోరు తెరుచుకుంది. కోడలు డ్రైవరు సీటు బర్రున వెనక్కి నెట్టి, దాని కింద నడుస్తున్న ఇంజను దగ్గర తీగలన్నీ కదిపి చూసింది. పక్క సీట్లో అత్తగారు అరగంట నోరు తెరుచుకుని కూర్చుంది. ఈగలు వచ్చి చూసి పోయాయి గానీ పన్ను మెరవలేదు.

"చూశావా? లోపం బండిది కాదు, చేతిది," అన్నాడు ఓనరు.



"నా దవడలు తుప్పు పట్టాయే తల్లీ! ఇటు కూర్చుంటే వీధన్నా కనపడదు," అంటూ అత్తగారు డ్రైవరు సీట్లోకి మారింది. ఆవిడా జానెడే. కాళ్ళు అందక, సీటు చివరిదాకా ముందుకి లాక్కుని, పిరుదులు ఆనేలా ఓసారి ఎగిరి కూర్చుంది.

టక్. ఇంజను ఆగింది. మూడు పొడుగు, అయిదు పొట్టి. ఆ మెరుపుకి ఎదుటి సెలూన్లో పదకొండు గడ్డాలు సగంలో ఆగిపోయాయి.

కోడలు సీటు ఎత్తింది. దాని అడుగునున్న ఇనప పట్టా అంచు కింద ఆ సెన్సరు తీగ తోలు ఒలిచిపోయి, రాగి బయటపడి ఉంది. సీటు బాగా ముందుకి జరిపి, పైన ఎవరైనా ఎగిరితేనే పట్టా దానికి తగులుతుంది.

"ఏ షెడ్డుకెళ్ళినా ముందు చేసేది సీటు వెనక్కి నెట్టడమేనండీ. నేనూ అదే చేశాను," అంది కోడలు. "ఇంత ముందుకి జరుపుకుని, గతుకుల్లో ఎగిరేది మీ డ్రైవర్లలో ఒక్కళ్ళే."

ఓనరు నమ్మలేదు. తనే ఎక్కి, మోకాళ్ళు గడ్డానికి ఆనేదాకా సీటు లాక్కుని, ఇంజను వేసి ఎగిరాడు. టక్. సీటు వెనక్కి జరిపి ఇరవైసార్లు ఎగిరాడు. ఇంజను నిక్షేపంగా నడిచింది. చెమట తుడుచుకుని దిగి, ఫోను తీశాడు.

"బాబూ, రేపు రానక్కర్లేదు."

కోడలు తీగకి కొత్త తొడుగు వేసి, పట్టాకి అందనంత దూరంగా కట్టేసింది. పొట్టక్క ఎక్కి, స్టీరింగు పొట్టకి తగిలేదాకా సీటు లాక్కుని ఎగిరింది. అందరూ పక్కనున్న ముసలావిడ నోట్లోకి చూశారు. చీకటి.

"ఇంక మూసుకోవచ్చు అత్తయ్యా."

"గోడ దూకాడా," అంది ఆవిడ, "అవతల చూస్తే..."

"దిగకండి పెద్దమ్మా. బడి వదిలే వేళయింది, దారిలో చెబుదురు గాని," అంటూ పొట్టక్క గేరు వేసింది.

వ్యాను వీధిలోకి తిరిగింది. చూసినవాళ్ళకి డ్రైవరు కనపడలేదు. పక్కన చేతులు తిప్పుతూ గోడ ఎంత ఎత్తో చూపిస్తున్న ముసలావిడ మాత్రం కనిపించింది.