అందరెక్కిన్రా

పీట కూడా ఇచ్చెయ్యాలా, బండి అమ్ముతున్నానన్నాను గానీ పీట మాట ఎవరూ అడగలేదు, కొనడానికొచ్చిన సైదులు టైర్లు తన్ని చూస్తున్నాడు, మేం కొన్ననాటికే పాతదైన తవేరా, మా ఆయన ప్రేమ్‌సాగర్ తెచ్చిన రోజు చర్చి ముందు ఆపితే పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు, మా అత్తమ్మవి పుట్టినూరు మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్లు తాగి బిగుసుకుపోయిన మోకాళ్లు, ఆమె ఎక్కడానికని ఆయన టేకు పీట చేయించారు, కొత్త బండ్లు మస్తుగున్నయక్కా, గని మా అవ్వ ఎక్కాలె, ఎనిమిది మందిమి ఒక్కకాడ కూసోవాలె అంటున్నాడు సైదులు, నీ బొజ్జ పట్టే బండి గిదొక్కటేనని చెప్పరాదు అంటోంది అతని భార్య రమ, నవ్వాను, రెండేళ్లుగా ఎవరడిగినా అమ్మనని పంపేశాను.

మేమూ ఎనిమిది మందిమే, ఆయన వెనక్కి తిరక్కుండా అందరెక్కిన్రా అని అడిగేవారు, నేను ఎక్కిన్రు అంటేనే తాళం తిప్పేవారు, అందరినీ ఎక్కించి, ఇంటికి తాళం వేసి, పీట లోపల పెట్టి, చివరికి ఎక్కేదాన్ని నేనే.

ఆ మధ్యాహ్నం ఛాతీ పట్టుకుని కూలిపోతే మరిది నవీన్ ఆయన్ను నడిమి సీట్లో పడుకోబెట్టాడు, వదినా జల్ది రా, వస్తున్నా, పొయ్యి మీద పప్పు, గ్యాస్ కట్టేశాను, తాళం వేశాను, లాగి చూశాను, ఇంకోసారి లాగి చూశాను, ఇంజను చప్పుడు, తిరిగి చూస్తే వాకిట్లో పీట ఒక్కటే ఉంది, తలుపు పడ్డ చప్పుడైతే నువ్వెక్కినవనుకున్న వదినా అని తర్వాత నవీన్ ఏడ్చాడు, జడ్చర్ల దవాఖాన చేరకముందే అయిపోయింది, తల ఒళ్లో పెట్టుకున్న తోటికోడలు కోమల చెప్పింది, బావ రెండుసార్లు నోరు తెరిచిండక్కా, ఏదో అడగబోయిండు, ఏమడగబోయారు, నీళ్లా, పిల్లలనా, రెండేళ్లుగా ఇదే, అన్నం వారుస్తూ, బట్టలు మడతపెడుతూ, ఏమడగబోయారు.

సైదులు వాళ్ల అవ్వ ఉప్పలమ్మ పీట మీద కాలు మోపింది, ఎవలు చేయించిన్రు బిడ్డా, నా కాలు కొలిచి చేసినట్టున్నది అంది, ఆమె కూర్చున్నాక పీట తీసి నేనే లోపల పెట్టాను, తలుపు వేశాను, లాగి చూశాను, స్టీరింగ్ ముందు సైదులు వెనక్కి తిరక్కుండా అడిగాడు, అందరెక్కిన్రా, రమ చంటిదాన్ని సముదాయిస్తోంది, ఎవరూ పలకలేదు, అతను తాళం తిప్పలేదు, నా నోరే అంది, ఎక్కిన్రు, బండి కదిలింది, నేను వాకిట్లో ఉన్నాను, ఆయన అడగబోయింది ఇదే, రెండుసార్లు అడగబోయారు, జవాబు చెప్పాల్సినదాన్ని ఇక్కడే ఉండిపోయాను, వేసిన తాళం లాగి చూస్తూ.