‘నీ కోసం’ దగ్గర ఆగిపోయే బోర్డు

తైవాన్ ఉత్తర కొసన ఉన్న కీలుంగ్‌లో వాన పడుతోందని ఎవరూ చెప్పుకోరు. ఆగితే చెప్పుకుంటారు. చేపల బజారులో బల్ల మీంచి జారిన చేపలు వీధి వెంట ఈదుకుంటూ ఓడరేవుకి తిరిగి వెళ్ళిపోవడం తను కళ్ళారా చూశానని ఆ-ఖింగ్ ఒట్టేసి చెప్తాడు. ఆ-ఖింగ్ ఒట్టుకి బజారులో విలువ లేదు. ఒకప్పుడు గోడ మీద ‘మరమ్మతుల కారణంగా బుధ, గురువారాల్లో వాన నిలిపివేయబడును’ అని కాగితం అంటించినవాడు అతనే. ముగ్గురు ముసలమ్మలు అది నమ్మి పరుపులు ఆరేశారు. ఆ పరుపులు ఇప్పటికీ ఆరలేదు.

అతనికి బజారు సందులో ఓ ఆటల దుకాణం ఉంది. మనుషులెవరూ ఉండరు, యంత్రాలే ఉంటాయి. నాణెం వేస్తే ఇనప గోళ్ళు దిగి, బొమ్మని పట్టుకున్నట్టే పట్టుకుని జారవిడుస్తాయి. ఓసారి బొమ్మల మధ్య బతికున్న పీతని పెట్టాడు. రెండో రోజుకి ఆ పీతే నాణేలు వేసినవాళ్ళని లోపలికి లాగడం మొదలుపెట్టిందని అతను చెప్పిన కథ.

ఆ చలికాలం అతను పాత సామాన్ల దొడ్లో ఓ ఎల్‌ఈడీ బోర్డు చూశాడు. బురదలో బోర్లా పడి ఉంది. తిప్పి చూస్తే బున్‌తేక్ మామది.

బున్‌తేక్ అతని మేనమామ. పక్క సందులో వేరుశనగ పాయసం అమ్మేవాడు. శరదృతువు చివర్లో ఒక సాయంత్రం దుకాణం షట్టరు దించి, ఊపిరి తీసుకుందామని స్టూలు మీద కూర్చుని, మళ్ళీ లేవలేదు. ఆయన భార్య బీచూ అత్త ఆ షట్టరు తిరిగి ఎత్తలేదు. గిన్నెలు, పొయ్యి, బోర్డు అన్నీ పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. ఏడాది తిరిగేలోపు తాళాలు ఇంటివాళ్ళకి అప్పగించి, తూర్పు తీరాన హ్వాలియెన్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతానని చెప్పింది.

మామ బోర్డు బురదలో పడి ఉండటం ఆ-ఖింగ్ చూడలేకపోయాడు. తన దుకాణం మీద పెడితే భలే ఉంటుందని కూడా అనుకున్నాడు. రెండూ నిజమే.

దాని పవర్ సప్లైని ఎవరో రాగి కోసం పీకేశారు. వెనక అంటించిన కాగితంలో ‘5 వోల్టులు’ అన్నది మిగిలింది. ఆంపియర్లు ఎన్నో రాసినచోట తేమ తినేసింది. ఆ-ఖింగ్ చచ్చిపోయిన ఆట యంత్రంలోంచి అయిదు వోల్టుల చిన్న పెట్టె ఒకటి తీసి, తీగలు కలిపాడు. బయట మధ్యాహ్నానికే చీకటి. వాన.

బోర్డు వెలిగింది. ఎర్రటి అక్షరాలు కుడి నుంచి నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాయి.

వెళ్ళిపోకు.

నేనిక్కడే ఉన్నాను.

బయట వాన. చలి.

రా. నీ కోసం

అక్కడితో బోర్డు ఆరిపోయింది. ఒక ఊపిరి పట్టి వదిలేంతసేపు అంతా నలుపు. మళ్ళీ మొదట్నుంచి, వెళ్ళిపోకు.

ఆ-ఖింగ్ ఒంట్లో రక్తమంతా చెప్పుల్లోకి దిగిపోయింది. బోర్డు చివరి అక్షరం దగ్గర చచ్చిపోతోంది, లేస్తోంది, మళ్ళీ అదే మాట దగ్గర చచ్చిపోతోంది. వాకిట్లో నీళ్ళ గుంట కూడా ఎర్రబడి ‘వెళ్ళిపోకు’ అని తిరగేసి చెప్తోంది. ఆటల యంత్రాలు మాత్రం ఏమీ పట్టనట్టు వాటి పాటలు అవి పాడుకుంటున్నాయి.

మర్నాటికి బజారంతా వచ్చి చూసి వెళ్ళింది. చేప ఉండలు అమ్మే జ్యూ బాబాయ్ కళ్ళు తుడుచుకున్నాడు.

“ఇన్నాళ్ళకి ఒక మంచి పని చేశావురా. ఈసారి ఏడుపొచ్చింది.”

“నేను చెయ్యలేదు బాబాయ్. మామే లోపల రాసిపెట్టాడు.”

“అదీ! ఆ మొహం అలాగే పెట్టు. అబ్బ, ఎంత బాగా పెడతావురా ఆ మొహం!”

“బాబాయ్, నిజంగానే చెయ్యలేదు.”

“చాల్లే, ఎక్కువ చేస్తే చెడిపోతుంది.”

సాయంత్రం బీచూ అత్త వచ్చింది. లోపలికొచ్చాక కూడా గొడుగు ముడవలేదు. గొడుగు కిందే నిలబడి బోర్డుని చూసింది. అది ఎన్నిసార్లు ఆరి వెలిగిందో ఆమె రెప్ప అన్నిసార్లే పడింది. తర్వాత ప్లాస్టిక్ స్టూలు లాక్కుని కూర్చుని, జేబులోంచి రెండు నాణేలు తీసింది.

పోయినవాళ్ళని ఏదైనా అడగాలంటే ఆ ఊళ్ళో నాణేలే వేస్తారు. ఒకటి బొమ్మా ఒకటి బొరుసూ పడితే అవునని. రెండూ బొరుసైతే కాదని. రెండూ బొమ్మలైతే, అవతలివాళ్ళు నవ్వుతున్నారని.

“ఏమయ్యా, ఇది నువ్వేనా?” అని అడిగి వేసింది. రెండూ బొమ్మలే. మళ్ళీ వేసింది. రెండూ బొమ్మలే.

“నవ్వుతున్నాడు” అంది. తర్వాత మేనల్లుడి వైపు తిరిగింది. “ఒరేయ్ ఖింగ్, ఇది నీ పనా?”

“కాదత్తా. మామ మీద ఒట్టు.”

“పోయినవాళ్ళ మీద ఎవడైనా వేస్తాడు. ఉన్నవాళ్ళ మీద వెయ్యి.”

“నీ మీద ఒట్టు.”

“అమ్మో, వద్దు. నా ఆరోగ్యం అసలే బాలేదు.”

ఎవరూ నవ్వలేదు. బోర్డు ‘బయట వాన’ అంది.

“ముప్ఫయ్యేళ్ళు కాపరం చేశాన్రా. ఈయన ఒక్కసారి నన్ను వెళ్ళిపోకు అనలేదు. పోట్లాడి, పుట్టింటికి పోతానని సంచి సర్దితే, గొడుగు తెచ్చి చేతిలో పెట్టేవాడు. అలాంటి మనిషి ఇప్పుడు అంటున్నాడు.” నాణేలు జేబులో వేసుకుంది. “విను. ఈ మాట ఆయనదైతే నేనెక్కడికీ వెళ్ళను, తాళాలివ్వను. నీదైతే రేపే రైలెక్కుతా. నీ మొహం మళ్ళీ చూడను. ఆ చివర ఏముందో నాకు చూపించు. నీ కోసం అంటున్నాడు. నా కోసం ఏంటి?”

జీవితంలో మొదటిసారి ఆ-ఖింగ్ ఏ తప్పూ చెయ్యలేదు. అది నిరూపించుకోవడం తప్పు చెయ్యడం కంటే ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

మర్నాడు తైపే రైలెక్కాడు. విడిభాగాల బజారు నేలమాళిగలో లాన్ అక్క కొట్టు ఉంది. చుట్టూ పవర్ సప్లైలు గోడలా పేర్చుకుని మధ్యలో కూర్చుంటుంది. పెళ్ళయినప్పటి నుంచి ఆమె ఎండ చూడలేదని చెప్పుకుంటారు. కీలుంగ్ వాడికి అది పెద్ద వింతగా అనిపించలేదు.

ఆ-ఖింగ్ సంచిలోంచి రెండు పెట్టెలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి బోర్డుకి కలిపిన అయిదు వోల్టులది, రెండోది ఆట యంత్రం మోటారుది, పన్నెండు వోల్టులది.

“అక్కా, చిన్నది పెడితే మాట మధ్యలో ఆగిపోతోంది. ఈ పన్నెండుది పెడితే గట్టిగా నెట్టి చివరిదాకా చెప్పిస్తుందా?”

లాన్ అక్క ఆ పన్నెండు వోల్టుల పెట్టెని తీసి తన ఒళ్ళో దాచేసుకుంది.

“ఇది పెట్టావంటే చివరి మాట కాదు, మొదటి మాట కూడా పోతుంది. లోపల దాచుకున్నదంతా పొగై బయటికొస్తుంది. మళ్ళీ ఏ దేవుడూ రాయలేడు. పెట్టలేదు కదా?”

“లేదు.”

“యంత్రాలు బుద్ధిగా ఉండాలని పచ్చ చిరుతిండి పాకెట్టు పెడతారే, అది పెట్టావా పక్కన?”

“పెట్టా. పచ్చది లేకపోతే పసుపుది పెట్టా.”

“నీలాంటివాళ్ళ వల్లే దేశంలో సగం యంత్రాలు పాడైపోయేది.” ఆమె చిన్న పెట్టె తిప్పి చూసింది. “ఎక్కడాగుతోంది? రోజుకో చోటా?”

“లేదక్కా. ఎప్పుడూ ఒకే చోట. ‘నీ కోసం’ దగ్గర.”

లాన్ అక్క చెయ్యి ఆగిపోయింది.

“రాసిన మనిషి ఉన్నాడా?”

“లేడు.”

“ఓహో” అని చిన్న పెట్టెని బల్ల మీద పెట్టింది. “అయితే ఆ మాట తర్వాత ఏదో పెద్దది ఉంది బాబూ. బోర్డంతా నిండిపోయి వెలిగేది. సన్నటి అక్షరాలకి నీ బుల్లి పెట్టె సరిపోతోంది. ఆ పెద్దది రాబోతుంటే అంత కరెంటు ఇవ్వలేక కూలబడుతోంది, మళ్ళీ లేచి మొదట్నుంచి మొదలెడుతోంది. ఎన్ని పలకలు కలిపారు బోర్డుకి?”

“ఎనిమిది.”

“అయిదు వోల్టులే ఉండాలి, చుక్క ఎక్కువ వద్దు. ఆంపియర్లు నలభై.”

“నలభయ్యా? కాలిపోదూ?”

“కుండ పెద్దదైతే తాగేవాడి కడుపు పగులుతుందా? దానికి కావలసినంతే తీసుకుంటుంది. తీగలు మాత్రం లావువి వెయ్యి.” పైనుంచి చిల్లుల ఇనప పెట్టె ఒకటి దించింది. ఇటుకలా బరువుంది. “ఇది సరైనది. కానీ ముందు నువ్వొక్కడివే చూసుకో. తర్వాత ఆవిడకి చూపించు.”

ఆవిడెవరో ఆ-ఖింగ్ ఆమెకి చెప్పలేదు.

తిరుగు రైల్లో పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బోర్డంతా నిండిపోయి వెలిగేది ఏమై ఉంటుంది? మామ మొహం అనుకున్నాడు. కిటికీ అద్దం మీద తన మొహం కనిపిస్తే కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

ముందు ఒక్కడే చూసుకోవడం కుదర్లేదు. దుకాణంలో అత్త అదే స్టూలు మీద ఉంది. జుట్టు దువ్వుకుంది. పెదాలకి రంగు వేసుకుంది. ఎవరో పెళ్ళిచూపులకి వస్తున్నట్టు కూర్చుంది. ఆ-ఖింగ్ ఆటల యంత్రాలన్నీ ఆపేశాడు. యంత్రాల మీది ఎలుగుబంటి బొమ్మలు పాట మధ్యలో నోరు మూసుకున్నాయి. లావు తీగలు బిగించి, మీటరు పెట్టి అయిదే అని చూసుకున్నాడు. ప్లగ్గు పెట్టాడు. పెట్టెలో ఫ్యాను తిరిగింది.

ఇన్నాళ్ళూ కరెంటు చాలక ఎర్రగా ఉన్న అక్షరాలు ఇప్పుడు తెల్లగా వచ్చాయి.

వెళ్ళిపోకు. నేనిక్కడే ఉన్నాను. బయట వాన. చలి. రా. నీ కోసం

బీచూ అత్త స్టూలు అంచు పట్టుకుంది.

బోర్డు ఆరలేదు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా తెల్లగా భగ్గుమంది. దుకాణమంతా పట్టపగలైపోయింది. ఆ వెలుగులో ఒక పెద్ద గిన్నె, గిన్నె మీద పచ్చటి ఆవిరి, దాని కింద దొర్లుకుంటూ వచ్చిన అక్షరాలు:

వేడివేడి వేరుశనగ పాయసం! రెండు గిన్నెలకి ఒక గుడ్డు ఉచితం!

చలికాలం బేరం మొదలవుతుందని మామ ముందే రాసిపెట్టుకున్న ప్రకటన అది. వెలిగించకుండానే పోయాడు. బోర్డు దాన్ని మళ్ళీ చూపించింది. గుడ్డు మళ్ళీ ఉచితమైంది.

అప్పుడేదో చప్పుడు వినిపించింది. ఏ యంత్రం ఆపడం మర్చిపోయానా అని ఆ-ఖింగ్ వెనక్కి చూశాడు. అత్త నవ్వుతోంది.

“గుడ్డు ఉచితమట!” అంది. “నన్నొక్క మాట అడక్కుండా గుడ్డు ఉచితమట! గుడ్లు ఈయన పెడతాడా?” నవ్వీ నవ్వీ పెదాల రంగు చెంపకి పూసుకుంది. “ఇది నీ పని కాదురా. నువ్వయితే గుడ్డు ఇవ్వవు.”

“చెప్పాను కదత్తా.”

“చెప్పావు.” ఆమె నవ్వు ఎక్కడ ఆగిందో తెలీలేదు. గిన్నె వెలుగు మొహం మీద పడుతుంటే చాలాసేపు చూసింది. “వెళ్ళిపోకు అన్నది తినడానికొచ్చేవాళ్ళని. నన్నయితే గొడుగిచ్చి పంపేవాడే.”

తర్వాత, “ఆ పెద్ద పెట్టె తీసెయ్‌రా. చిన్నది పెట్టు” అంది.

“అత్తా, అది సరిపోదు. ఇదే సరైనది.”

“నాకు తెలుసు. చిన్నది పెట్టు.”

పెట్టాడు. దుకాణం మళ్ళీ చీకటైంది. మళ్ళీ ఎర్రటి అక్షరాలు. ‘నీ కోసం’ దగ్గరికొచ్చి బోర్డు ఆరిపోయింది. ఆ చీకట్లో అత్త ఎవరో చెప్పింది విన్నట్టు తలూపింది. నాణేలు మళ్ళీ తీసి, ఒళ్ళోనే వేసుకుని, చెయ్యి మూసి చూసుకుంది. ఏం పడ్డాయో చెప్పలేదు.

“దీన్ని నాతో హ్వాలియెన్ పట్టుకుపోతాను. గిన్నె సంగతి బజారులో చెప్పకు.”

“అయితే ఇదంతా నేనే చేశాననుకుంటారు!”

“అనుకోనీ. నువ్వు చెయ్యలేదంటే ఎప్పుడైనా ఎవరైనా నమ్మారా?”

ఆ వారమే వెళ్ళిపోయింది. బోర్డుని మామ వానకోటులో చుట్టింది. చిన్న పెట్టెని చేతిసంచిలో పెట్టి, దాని మీద పచ్చ పాకెట్టు పెట్టుకుంది. స్టేషన్లో ఆ-ఖింగ్ ఆమెకి గొడుగు ఇవ్వబోయి, ఎందుకో ఆగిపోయాడు. ఆమే చెయ్యి చాపి లాక్కుంది.

బజారులో ఆ-ఖింగ్ కొన్నాళ్ళు “నేను కాదు” అన్నాడు. అనేకొద్దీ కథ పెరిగింది. చివరికి “అవును, నేనే” అన్నాడు. జ్యూ బాబాయ్ మొహం చిన్నబుచ్చుకుని, “పోనీలే, ఒప్పుకోకపోతేనే బావుండేది” అన్నాడు.

చలికాలం అయిపోవస్తుండగా ఒక సాయంత్రం అత్త ఫోను చేసింది. వెనకాల సముద్రం హోరు వినిపిస్తోంది.

“ఒరేయ్, ఈ ఊళ్ళో కరెంటు మంచిదిరా.”

“ఏమైందత్తా? బోర్డు పాడైందా?”

“లేదు. ‘నీ కోసం’ తర్వాత ఇప్పుడు ఇంకో మాట కూడా వస్తోంది. ఆ తర్వాత ఆరిపోతోంది.”

“ఏం మాట? వేడివేడి అనా?”

“కాదు.”

“పాయసం?”

“కాదంటుంటే.”

“అయితే ఏంటి?”

“నాతో అన్నది నీకెందుకురా?”

ఆ-ఖింగ్ చెవికి ఫోను గట్టిగా నొక్కుకున్నాడు. బోర్డులో ఏముందో అక్షరం అక్షరం తను చూశాడు. ఆ గిన్నె తప్ప ఇంకేమీ లేదు.

“అత్తా, నిజం చెప్పు. నన్ను ఆటపట్టిస్తున్నావు కదూ?”

“కాదురా” అంది అత్త.

ఆ ‘కాదు’ అతనికి బాగా తెలుసు. చేసినప్పుడూ చెయ్యనప్పుడూ తను కూడా సరిగ్గా అలాగే అంటాడు. అవతల ఫోను పెట్టేసిన చప్పుడైంది.

అతను అల్మారాలోంచి పెద్ద పెట్టె దించాడు. దేనికీ కలపకుండానే ప్లగ్గు పెట్టాడు. ఫ్యాను తిరిగింది. దాని ముందు ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, ఏదైనా మాట వస్తుందేమోనని కూర్చున్నాడు. బయట వాన.