సొలేన్ మింగేసిన మాట

సొలేన్ పొద్దున లేవగానే నోరు అదుపులో పెట్టుకునేది. ఆమె "యాక్షన్" అంటే మొదలైన పని, మళ్ళీ ఆమే "కట్" అనేదాకా ఆగదు మరి. చిన్నప్పుడోసారి పెనం మీద అట్టు చూసి ముచ్చటపడి "యాక్షన్" అనేసి బడికి పోయింది. సాయంత్రానికి వీధి వీధంతా అట్లు తినలేక పొట్టలు పట్టుకుంది. "పిల్ల నోటి వాటం అది, ఏం చేస్తాం!" అన్నారు ఫ్రాన్సులోని ఆ దువార్నెనే రేవు ఊరివాళ్ళు, ఇంకో అట్టుకి వెన్న రాసుకుంటూ.

అలాంటి నోరున్నది సినిమా డైరెక్టర్ కాక ఇంకేమవుతుంది? పారిస్ వెళ్ళి రెండు సినిమాలు తీసింది. మొదటిది ఆడింది, రెండోది అడ్రసు లేకుండా పోయింది. మూడోదానికి సొంతూరే వచ్చింది. వాళ్ళమ్మ మరివోన్ సార్డీన్ చేపల తలలు కోసే పనిచేస్తున్న, చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీకి ఆ శుక్రవారంతో తాళం పడుతోంది. ఆ ఆఖరి రోజే సినిమాకి ఆఖరి సీను.

తెల్లటోపీలు సర్దుకుని ఆడవాళ్ళంతా బల్లల ముందు నిలబడ్డారు. సొలేన్ కెమెరా వెనక చేరింది.

"యాక్షన్!"

అబ్బ, ఏం సీను! కత్తులు కదిలాయి, ఒకావిడ పాటెత్తుకుంటే అందరూ అందుకున్నారు. మరివోన్ కెమెరా వైపు చూసి, "ఏమే, అలా గుడ్లప్పగించి చూడకపోతే ఓ చెయ్యి వెయ్యొచ్చుగా!" అంది. అందరూ ఘొల్లుమన్నారు.

రీలు అయిపోయింది. గుమ్మంలో మేనేజరు తాళంచెవులతో నిలబడ్డాడు.

"అద్భుతం! ఇక కట్ చెప్పమ్మా," అన్నాడు నిర్మాత బెర్ట్రాం.

సొలేన్ నోరు తెరిచింది. అమ్మ చేతులు చూసింది. తాళంచెవులు చూసింది. ఠక్కున నోరు మూసేసింది.

"ఏమైంది? చెప్పవేం?"

"ఆ మాట గానీ అన్నావో, రాత్రికి నీకు తిండి లేదు," అంది మరివోన్ తలెత్తకుండా.

బెర్ట్రాం నెత్తి పట్టుకున్నాడు. "మరి నా సినిమాకి ముగింపో?"

సొలేన్ నవ్వుతూ తల అడ్డంగా ఊపింది. మేనేజరు ఆగని కత్తుల్ని కాసేపు చూసి, తాళంచెవులు జేబులో వేసుకుని భోజనానికి పోయాడు. మర్నాడు పడవలు మామూలుగానే చేపలు తెచ్చాయి.

ముగింపు లేని ఆ సినిమాయే ఆమెకి పేరు తెచ్చింది. ఆ తర్వాత ఎన్ని తీసినా, షాటు మొదలుపెట్టాలన్నా ఆపాలన్నా చప్పట్లే కొట్టింది. మొన్న పారిస్‌లో పెద్ద బహుమతి ఇచ్చి మైకు చేతికిస్తే, ఎక్కడ ఆ మాట అనేస్తుందోనని దువార్నెనే అంతా టీవీల ముందు ఊపిరి బిగబట్టింది. "మా అమ్మకి థాంక్స్," అని ఊరుకుంది సొలేన్.

కత్తులు ఆపకుండానే టీవీ చూస్తున్న ఫ్యాక్టరీ గది హోరుమంది. పింఛను తీసుకునే వయసొచ్చిన మరివోన్ ఆ రోజే తన కత్తి పక్కింటి అమ్మాయి చేతికిచ్చి, "పట్టుకో, సీను నడుస్తోంది," అంది.