ఎడమ చెయ్యి తడబడే కోతి

మా వదిన గడియారాలు బాగుచేస్తుంది. ముందుగదిలో కిటికీ పక్కన చిన్న బల్ల, కంటికి తగిలించుకునే భూతద్దం, సూదుల్లాంటి స్క్రూడ్రైవర్లు. ఎదురుగా అద్దాల బీరువా నిండా కీ ఇస్తే ఆడే పాత రేకు బొమ్మలు. పల్టీలు కొట్టే కుక్క, పొగగొట్టం వంగిన రైలింజను, తోక లేని బాతు. అన్నీ ఆన్‌లైన్లో బేరమాడి కొన్నవే.

నేను ఒక ఫ్యాక్టరీలో సరుకు కొనే విభాగంలో ఉన్నాను. ఇరవై ఏళ్లుగా నోరు పెట్టుకునే బతుకుతున్నాను. అందుకే ఆ ఆదివారం పొద్దున, డ్రమ్ము వాయించే కోతి బొమ్మను వదిన ఫోన్లో చూసి మురిసిపోతుంటే నాకు చెయ్యి దురద పెట్టింది. అమ్మేది ఒక రిటైరైన బస్సు డ్రైవరు. ధర పద్దెనిమిది వేలు.

"ఫోనిలా ఇవ్వు వదినా. సగానికి దింపుతా, చూడు."

'తొమ్మిది వేలు. ఇప్పుడే పంపిస్తాను' అని కొట్టాను. నిమిషంలో జవాబు వచ్చింది. 'తొమ్మిది వేలకి ఫొటో పంపిస్తానండీ, గోడకి తగిలించుకోండి.'

వదిన పడీపడీ నవ్వింది. "మరిదిగారి ఇరవై ఏళ్ల అనుభవం!" అని ఫోను లాక్కుని, తిన్నగా ఆయనకే ఫోన్ చేసింది.

"బాబాయిగారూ, ఇందాక మా మరిది తొందరపడ్డాడు, ఏమీ అనుకోకండి. ఒక్కసారి కోతికి కీ ఇచ్చి ఫోను దగ్గర పెడతారా?"

టకటక, టక. టకటక, టక. వదిన కళ్లు మూసుకుని వింది. నాకు వట్టి చప్పుడే వినిపించింది.

"ఎడమ చెయ్యి సగంలో ఆగి లేస్తోంది కదండీ?"

అవతల టకటక ఆగింది. "మీకెలా తెలిసిందమ్మా? ఫొటోలో కనపడదే!"

"దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం సమంగా లేదు. ఈ రకం కోతి కుడిచేత్తోనే మొదలెడుతుంది, తప్పుతోంది ఎడమ దెబ్బే. స్ప్రింగు భేషుగ్గా ఉంది. లోపల చక్రానికి ఒక పన్ను అరిగినట్టుంది. ఫొటోలో చూశాను, టోపీ మీద ఎరుపు మటుకు కొత్తది."

"మా మనవరాలు గోళ్ల రంగు పూసింది" అన్నాడాయన, దొరికిపోయినవాడిలా.

"గీకకండి, కింద అసలు రంగు లేచిపోతుంది. నేనైతే పన్నెండిస్తాను."

"ఇంకొకాయన పదిహేను అన్నాడమ్మా."

"అయితే ఆయనకే ఇవ్వండి. కాకపోతే చెయ్యి సంగతి, టోపీ సంగతి ముందే చెప్పెయ్యండి. తీరా విప్పి చూసి వెనక్కి పంపిస్తే దారిలో బొమ్మ నలిగిపోతుంది."

ఫోను పెట్టేయగానే నేను నెత్తి బాదుకున్నాను. "చేజేతులా వదిలేశావ్ వదినా! ఆ లోపాలన్నీ దాచిపెట్టుకుని దెబ్బ కొట్టాల్సింది!"

"ఎవర్ని? కోతినా?" అంటూ ఆమె గడియారం పనిలో పడింది. కానీ గంటలోపు రెండుసార్లు ఫోను వంక చూడటం నేను గమనించాను. ఆయనకే ఇవ్వమంది ఆశ లేక కాదు.

మర్నాడు సాయంత్రం ఒక గోడ గడియారం రిపేరుకి ఇవ్వడానికి వదిన ఇంటికి వెళ్లి నేను అక్కడే ఉండగా ఆ డ్రైవరే ఫోన్ చేశాడు. స్పీకరులో గొంతు నీరసంగా ఉంది.

"అంతా చెప్పానమ్మా. ఆయన పదికి దిగాడు. మరి మీరు..."

నేను వేళ్లతో పది చూపించాను. పోనీ అని పదకొండు చూపించాను. వదిన నా చెయ్యి పక్కకు నెట్టింది.

"పన్నెండే అన్నాను కదండీ."

"ఆయన తగ్గించాడు కదా, మీరూ తగ్గిస్తారేమో అనుకున్నా."

"ఆ లోపాలు లెక్కలోకి తీసుకునే పన్నెండన్నాను. నిన్నటి నుంచి ఇవాళ్టికి బొమ్మలో కొత్తగా చెడిందేమీ లేదుగా!"

"రేపే పంపిస్తానమ్మా" అన్నాడాయన. నేను వేళ్లు ముడుచుకున్నాను. ఎంతోమందిని మూడు చెరువుల నీళ్లు తాగించాను గానీ, అవతలివాడు జారిపోతున్నప్పుడు నిలబడి పట్టుకోవడం కూడా బేరంలో భాగమేనని నాకెప్పుడూ తోచలేదు.

నాలుగు రోజులకు కోతి వచ్చింది. పసిపిల్లను చుట్టినట్టు మెత్తటి తువ్వాలులో చుట్టి పంపాడు. వదిన వీపు రేకు విప్పింది. అన్నట్టే ఒక పన్ను అరిగి ఉంది. పాత గడియారపు చక్రం ఒకటి తెచ్చి, ఆకురాయితో రాస్తూ, పెట్టి చూస్తూ, మళ్లీ రాస్తూ రెండు మధ్యాహ్నాలు కూర్చుంది. టోపీ మీది గోళ్ల రంగు జోలికి పోలేదు.

పని పూర్తయ్యాక డ్రైవరుకు ఫోన్ చేసి కీ తిప్పింది. రెండు చేతులూ పోటీపడి వాయించాయి.

"ఇంత జోరుగా కొట్టేదా ఇది!" అన్నాడాయన. "మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ కుంటుతూనే ఉందమ్మా. ఇప్పుడు అమ్మితే మీకు బోలెడు లాభం."

"అమ్ముతానేమో బాబాయిగారూ" అంది వదిన, ఇంకోసారి కీ తిప్పుతూ. "ముందు నన్ను తనివితీరా విననివ్వండి."