రెండిళ్ళ చిక్కుడు

నాకు ముక్కు మీదే కోపం. ఇంట్లో అందరూ నన్ను మిరపకాయ అంటారు, అది అన్నయ్య పెట్టిన పేరు. దర్జీ పని చేసుకుంటాను. బట్ట కత్తిరించేటప్పుడు ఉండే ఓపిక మనుషులతో మాట్లాడేటప్పుడు ఉండదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను తిట్టుకోవడానికి మీకు సులువుగా ఉంటుంది.

మా అమ్మ దగ్గర ఒక చిక్కుడు ఉండేది. వెడల్పాటి కాయ, అంచున ఊదారంగు, లోపల నల్లటి గింజ, గింజ నెత్తిన తెల్లటి గీత. ఏ కొట్లోనూ ఆ విత్తనం దొరకదు. అమ్మకి వాళ్ళమ్మ ఇచ్చింది, ఆవిడకి ఎవరిచ్చారో తెలీదు. పోయేముందు అమ్మ ఉన్న గింజల్ని రెండు వాటాలు చేసి, ఒకటి నా చేతిలో, ఒకటి వదిన చేతిలో పెట్టింది. "విత్తనం ఎప్పుడూ రెండిళ్ళల్లో ఉండాలి. ఒకరింట్లో పోతే ఇంకొకరు ఇచ్చుకోవాలి. ఎన్ని విత్తినా సరే, పది గింజలు తీసి దాచండి," అంది.

వదినా వాళ్ళది మా పక్కిల్లే. మధ్యలో నడుమెత్తు గోడ. అటు ఆవిడ పందిరి, ఇటు నా పందిరి. ఉన్నమాట చెప్పుకోవాలి కదా, ఆవిడదే విరగకాసేది. నాది ఏదో కాయాలి కాబట్టి కాసేది. వదిన ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి వెళ్తూ వెళ్తూ వీధిలో ప్రతి గుమ్మంలోనూ ఇన్ని కాయలు పెట్టి వెళ్ళేది. తిని మెచ్చుకున్నవాళ్ళే గానీ గింజ దాచినవాళ్ళు ఒక్కరూ లేరు. పేరు మాత్రం పెట్టారు, నర్సమ్మ చిక్కుడని.

ఒకరోజు పంట్లాం పొడవు తగ్గించమని వచ్చినావిడ నా పెరట్లోకి తొంగిచూసి, "అరె, మీరూ నర్సమ్మ చిక్కుడు వేశారే," అంది. నా ఒళ్ళు మండిపోయింది. కన్న కూతుర్ని నేనిక్కడ ఉండగా, అమ్మ చిక్కుడుకి కోడలి పేరా? ఆవిడ పంట్లాం రెండు వేళ్ళు ఎక్కువే తగ్గించాను. అయినా నా కోపం తగ్గలేదు.

ఆ ఏడు విత్తే రోజులొచ్చేసరికి వదిన గోడ దగ్గరికొచ్చి నిలబడింది. "మిరపకాయ్, నా డబ్బాకి పురుగు పట్టిందే. దాచిన పదింటితో సహా పిండైపోయాయి. ఒక నలభై గింజలిస్తావా?"

"దానికేం భాగ్యం, రేపిస్తాను," అన్నాను.

సాయంత్రం పొయ్యి వెలిగించి, సన్నసెగ మీద పెనం పెట్టాను. నలభై గింజలు లెక్కపెట్టి పోసి, అటూ ఇటూ కదుపుతూ కూర్చున్నాను. నల్లటి గింజ కదా, వేగినా రంగు తేడా తెలియదు. చల్లారాక బొత్తాల పొట్లంలో కట్టాను. మర్నాడు గోడ మీంచి అందిస్తే, వదిన రెండు చేతులతో తీసుకుంది. "ఇవాళ నువ్వు లేకపోతే అత్తయ్యకి మొహం ఎలా చూపించేదాన్ని," అంది.

మొలుస్తాయా? ఒక్కటంటే ఒక్కటి మొలవలేదు. పాపం, మట్టి మార్చింది, ఎరువు మార్చింది, నీళ్ళు తగ్గించింది, పెంచింది. చివరికి గోడకి చేతులానించి, "ఇన్నాళ్ళూ కాసింది అత్తయ్య చేతి చలవేనేమో. నా చెయ్యి మంచిది కాదే," అంది. ఇంకో నలభై ఇమ్మని అడగలేదు, అవీ పాడుచేస్తానని భయం. నేను నోరు మూసుకుని ఊరుకోవచ్చు కదా. "అవునేమో," అన్నాను. పెనం మీద చేసిన పనికంటే ఆ ఒక్క మాటే నన్ను ఎక్కువ తినేస్తోంది ఇప్పుడు.

అన్నయ్య ఆ పందిరి పీకేసి బట్టలారేసుకునే తీగ కట్టాడు. వీధి మొత్తానికి ఆ చిక్కుడు నా ఒక్కదాని దగ్గరే మిగిలింది. అప్పుడైనా పేరు మారిందా? "నర్సమ్మ మానేసింది గానీ, నర్సమ్మ చిక్కుడు ఇక్కడుంది," అనేవాళ్ళు.

వదిన డబ్బా గతి చూశాక నాకు పురుగు భయం పట్టుకుంది. రెండో ఏడు కాయలు ఎండే సమయానికి వానలు పడ్డాయి. గింజలు సరిగ్గా ఆరకుండానే, దాచాల్సిన పదితో సహా, అన్నిటినీ ఒకే గాజుసీసాలో పోసి బిగించేశాను. పురుగు కాదు కదా, గాలి కూడా దూరలేదు. విత్తేవేళకి మూత తీస్తే గుప్పున కంపు. లోపలంతా తెల్లటి బూజు. కాస్త గట్టిగా ఉన్నవి ఏరి విత్తాను, అవీ కుళ్ళిపోయాయి. ఇంక అమ్మ చిక్కుడు అనేది ఎక్కడా లేదు. చేతులారా రెండిళ్ళల్లోనూ నేనే తుడిచిపెట్టాను.

అన్నీ చెప్పేద్దామనే వెళ్ళాను వదిన దగ్గరికి. అప్పుడే డ్యూటీ దిగి వచ్చి, బకెట్లో వేడినీళ్ళు పోసుకుని కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. "వదినా, నా సీసా మొత్తం బూజు పట్టింది. ఒక్క గింజ మిగల్లేదు," అన్నాను. మిగతాది మొదలుపెట్టేలోపే తడికాళ్ళతోనే లేచి లోపలికెళ్ళింది. మందుబిళ్ళల సీసా ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. దాని మీద చీటీ, ఆవిడ దస్తూరీ: "మిరపకాయ ఇచ్చినవి."

"నువ్విచ్చిన నలభైలో ముప్పయ్యే విత్తాను. పది దాచాను. నా చేతికి ఎలాగూ మొలవవు, నీకు ఎప్పటికైనా అవసరం పడితే ఇద్దామని. నీది అత్తయ్య చెయ్యి, నువ్వు వేస్తే మొలుస్తాయి," అంది.

సీసా పట్టుకుని ఇంటికొచ్చేశాను.

మొలవవని ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. అయినా ఒక తొట్టెలో విత్తాను. మట్టి జల్లించాను, తొట్టె ఎండలోకి జరిపాను, పొద్దునా సాయంత్రం నీళ్ళు చిలకరించాను. ఏ మూలో ఒక గింజకి సెగ తగలకుండా ఉండి ఉండకూడదా అని సిగ్గులేకుండా ఆశపడ్డాను. వదిన రోజూ డ్యూటీ నుంచి వస్తూ గోడ మీంచి, "తల ఎత్తాయా?" అని అడిగేది. "ఇంకా లేదు," అనేదాన్ని.

పన్నెండో రోజు గోడ చుట్టూ తిరిగి వచ్చి, తొట్టె పక్కన కూర్చుంది. వేలితో మట్టి తవ్వి ఒక గింజ పైకి తీసింది. నానింది గానీ పగల్లేదు. కాసేపు చూసి, నా భుజం మీద చెయ్యి వేసింది. "బాధపడకు. నీ చేతిదేం తప్పు లేదు. రెండేళ్ళు అట్టే పెట్టాను కదా, నేనే నిలవబెట్టి పాడుచేసి ఉంటాను," అంది.

ఆ మాట మాత్రం తట్టుకోలేకపోయాను.

"కాదు వదినా. నీకిచ్చే ముందు వీటిని పెనం మీద వేయించాను. నలభైనీ."

వదిన నా భుజం మీంచి చెయ్యి తియ్యలేదు. రెండో చేత్తో ఆ గింజని వేళ్ళ మధ్య తిప్పి చూసింది. నన్ను తిడుతుందేమోనని ఎదురుచూశాను, తిడితే బాగుండనిపించింది.

"ఎంతసేపు?" అంది చివరికి. ఏ ఒక్కటైనా బతికి ఉంటుందేమోనని ఆ అడగడం.

"సరిపోయేంతసేపు," అన్నాను.

ఆవిడ ఆ గింజని మళ్ళీ మట్టిలో పెట్టి, పైన మట్టి కప్పి, చెయ్యి దులుపుకుని ఇంటికెళ్ళిపోయింది.