ఇరవై రెండో పేజీ

మా న్యాయసహాయ కేంద్రం రైతుల కోసం అచ్చువేసిన భూమి చట్టాల చిన్న పుస్తకంలో ఇరవై రెండో పేజీ నేను తయారుచేసింది. సాగు సంఘం సమావేశంలో తీర్మానం చేశాక సభ్యుల సంతకాలు ఎలా తీసుకోవాలో చూపించే నమూనా అది. తీర్మానం ఒక కాగితం మీద, సంతకాలు వేరే కాగితం మీద ఉండేటట్టు పెట్టాను.

అలా పెట్టడానికి కారణం ఉంది. మా వఖ్ష్ నది లోయ పల్లెల్లో సమావేశానికి మగవాళ్లు వెళతారు. ఆడవాళ్లు పత్తి చేలో ఉంటారు, లేకపోతే రొట్టెల పొయ్యి దగ్గర ఉంటారు. వాళ్ల సంతకం కావాలంటే ఎవరో ఒకరు కాగితం పట్టుకుని గుమ్మం దాకా రావాల్సిందే. మా కేంద్రంలో పెద్ద వకీలు మునవ్వరా గారు నా నమూనా చూసి, సంతకాల కాగితం పైన విషయం ఒక్క ముక్కయినా ఉండాలేమో అన్నారు. పైన ఏమీ రాయకుంటే అదే కాగితం అన్ని పనులకూ పనికొస్తుందని, ఊళ్లో ఎవరి దగ్గరా జిరాక్సు మిషను లేదని నేను చెప్పాను. పల్లెలో పుట్టినదాన్ని, నాకు తెలిసే ఉంటుందని ఆవిడ ఊరుకున్నారు.

మా ఊరి నుంచి న్యాయశాస్త్రం చదివిన మొదటి మనిషిని నేను. ఆ చదువుతో ముందుగా చెయ్యాలనుకున్న పని మా పెద్దమ్మ బీబీ హనీఫాది. మా నాన్న అన్నగారి భార్య ఆవిడ. పెదనాన్న పోయి పదహారేళ్లయింది. పిల్లలు లేరు. ఊరంతా ఉమ్మడిగా పనిచేసిన పాత సామూహిక క్షేత్రాన్ని విడగొట్టినప్పుడు వచ్చిన వాటా పెదనాన్న పేరు మీదే ఉందని, ఆయనతోనే పోయిందని ఊళ్లో అందరూ అనేవారు. పెద్దమ్మ కూడా అదే నమ్మి, సంఘం చేలో కూలికి పత్తి ఏరుతూ వచ్చింది.

రెండు చలికాలాలు జిల్లా దస్తావేజుల గదిలో కూర్చున్నాను. అక్కడ పొయ్యి ఉండేది కాదు, కోటు విప్పకుండానే చదివేదాన్ని. చివరికి సభ్యుల అసలు జాబితా దొరికింది. నూట తొంభై ఆరో వరుసలో పెద్దమ్మ పేరు విడిగా ఉంది. పెదనాన్న భార్యగా రాయలేదు, పశువుల శాలలో పాలు పితికే కార్మికురాలిగా రాశారు. ఆ వాటా ఆమెది. కాలవ పక్కనున్న మంచి నేల. దాన్ని సంఘం నుంచి విడదీసి ఆమె పేర రాయమని దరఖాస్తు పెట్టాం.

వసంతంలో భూమి కమిటీ పిలిచింది. పెద్దమ్మ కొత్త తలగుడ్డ కట్టుకుని వచ్చింది. సంఘం తరఫున దాని పెద్ద అబ్దువాహిద్ రయీస్ వచ్చాడు. గుమాస్తా ఒక తీర్మానం చదివాడు. కాలవ పక్క నేలను పళ్లతోటకు దీర్ఘకాలం కౌలుకిచ్చారట. అక్కడ వాటాలున్న ముప్పై ఒక్కమంది ఆడవాళ్లు ఇష్టపూర్వకంగా వాటిని సంఘానికి వదులుకున్నారట. వెనక సంతకాల కాగితం ఉంది. గీతలు, గడులు, కింద మా కేంద్రం గుర్తు. నా కాగితమే. తొమ్మిదో గడిలో పెద్దమ్మ సంతకం.

రయీస్ జేబులోంచి మా పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు.

“మీ అమ్మాయి రాసినట్టే చేశాం, బీబీ. ఇంతకన్నా చట్టప్రకారం ఎలా చెయ్యాలో మాకు తెలీదు.”

కమిటీలో ఒకాయన నవ్వాడు.

బయటికి వచ్చాక పెద్దమ్మను అడిగాను. ఏటా మంచు కరగ్గానే ఊరంతా కలిసి కాలవ పూడిక తీసే హషర్ ఉంటుంది. ఇంటికో మనిషిని పంపుతామని అందరూ సంతకం పెడతారు. ఆ సంతకమే అనుకున్నానంది. కాగితం ఎవరు తెచ్చారని అడిగితే తలగుడ్డ ముడి సవరించుకుని, గుర్తులేదంది.

ఆ వారమంతా ఊళ్లో ఇల్లిల్లూ తిరిగాను. అందరూ కూర్చోబెట్టారు, రొట్టె విరిచి ముందుపెట్టారు, మా అమ్మ మోకాళ్ల గురించి అడిగారు. హషర్ కోసమేనని అందరూ చెప్పారు. తెచ్చిన మనిషి మాత్రం ఒక్కరికీ గుర్తులేడు. పదిహేడో ఇంట్లో షరోఫత్ అనే ఆమె చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండా అంది:

“మీ ఇంట్లో తప్ప ఊరంతా అడుగుతున్నావేంటమ్మా?”

ఆ ఇంట్లో టీ తాగకుండానే లేచి వచ్చేశాను.

నాన్న పెరట్లో ద్రాక్షతీగ కత్తిరిస్తున్నాడు. మా నాన్న సైద్‌మురాద్ మాటకి ఊళ్లో తిరుగుండదు. తగవులొస్తే ఆయన్నే పిలుస్తారు. ఆయన తెచ్చిన కాగితాన్ని ఎవరూ చదవమని అడగరు. నేను నిచ్చెన కింద నిలబడి అడిగాను.

“సంతకాలు నువ్వే తీసుకున్నావా నాన్నా?”

“తీసుకున్నాను.”

“దేనికో తెలిసేనా?”

ఇంకో కొమ్మ కత్తిరించి కిందకి వేశాడు. “తెలిసే.”

“పెద్దమ్మ వాటా కూడా అందులో ఉందని?”

“ఉందని తెలుసు. రయీస్ వచ్చి అడిగాడు. నువ్వు కాలేజీలో చేరడానికి సిఫారసు ఉత్తరం ఎవరిచ్చారనుకున్నావ్? ఇన్నేళ్లూ ఆయనేం అడగలేదు. ఇప్పుడడిగాడు. వదిన ఒంటరిది, ఆ నేలతో ఏం చేస్తుంది? అయినా ఆ కాగితం నువ్వు రాసిందే కదా. నీ కాగితంలో తప్పేం ఉంటుందిలే అనుకున్నా.”

ఆయన గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది. నేను ఆ చలిగదిలో వెతికి పెద్దమ్మ పేరు పట్టుకున్న రోజున ఇంటికొచ్చి ముందు చెప్పింది ఆయనకే. ఆమె వాటా ఎక్కడుందో, వరుస నంబరు ఎంతో ఆయనకి నేనే చెప్పాను. రయీస్‌కి ఎవరు చెప్పారో ఇంక అడగాల్సిన పని లేకపోయింది.

తీర్మానాన్ని రద్దు చెయ్యమని ఫిర్యాదు పెట్టాలంటే, విషయం చెప్పకుండా సంతకం తీసుకున్నారని రాయాలి. ఎవరు తీసుకున్నారో, ఏమని చెప్పారో కూడా రాయాలి. పేరు లేని ఫిర్యాదు నిలవదని మునవ్వరా గారు చెప్పారు. ఇంకెవరైనా వకీలు చూస్తే మంచిదేమోనని కూడా అన్నారు.

ఆ రెండు మాటలూ పెద్దమ్మకు చెప్పాను. ఆమె టీ పోసి, గిన్నె నా వైపు జరిపింది.

“పేరు రాస్తే వాడికేమవుతుంది?” అంది.

విచారణకు పిలుస్తారని, కేసు కూడా కావచ్చని నిజమే చెప్పాను.

“ఆ రోజు వాడు ఇక్కడే కూర్చున్నాడు. నువ్వు కూర్చున్నచోటే. వదినా, నీ వంతుకి కాలవలోకి నేనే దిగుతాలే అన్నాడు. సంతోషించాను. పెట్టమన్నచోట పెట్టాను. నాకు గుర్తులేకేం.” నా గిన్నెలో ఇంకాస్త టీ పోసి అంది, “వేరేవాళ్లు రాస్తే నేను నోరు విప్పను. నువ్వు రాస్తే చెప్తాను. నీ ఇష్టం, బిడ్డా.”

నేను వెంటనే కలం తియ్యలేదు. ఆ పేరు కాగితం మీద పెట్టాక మా ఇంటి గుమ్మం ఎలా తొక్కాలో ఆలోచించాను. పెట్టకపోతే ఈ గుమ్మం ఎలా తొక్కాలో కూడా ఆలోచించాను. తర్వాత ఆమె చెప్పినదంతా చెప్పినట్టే రాసి, చదివి వినిపించాను. రెండుసార్లు వినిపించాను. ఆమె సంతకం అదే కాగితం మీద, ఆ మాటల కిందే తీసుకున్నాను.

ఫిర్యాదులో చేరడానికి మిగతా ముప్పైమందిలో ఒక్కరూ రాలేదు.

జిల్లా కోర్టు కిటికీ దగ్గర గుమాస్తా ఫిర్యాదు చదివాడు. విచారణ అయ్యేదాకా ఆ నేలలో మొక్కలు నాటకూడదని రయీస్‌కి నోటీసు వెళుతుందన్నాడు. అప్పటికే గుంతలు తీసేశారని చెప్పాను. గుంతల గురించి చట్టంలో ఏమీ లేదన్నాడు. తర్వాత ఎదురుపార్టీల్లో ఒక పేరు మీద వేలుపెట్టి, కింద తండ్రి పేరుతో కలిపి ఉన్న నా పేరు చూసి, ఈ సైద్‌మురాద్ మీకేమవుతారని అడిగాడు.

“మా నాన్న.”

బంధుత్వం ఉంటే అది కూడా ఫిర్యాదులో రాయాలట. కాగితం వెనక్కిచ్చాడు. వెనక వరుసలో జనం ఉన్నారు, పక్కకి జరిగి గోడకి ఆనించి రాశాను.