పక్కింటి పేరు చెప్పే సర్వర్లు

సన్నాయి అసలు పేరు ఇంట్లో ఎవరూ వాడరు. పెళ్ళయిన కొత్తలో, కోడలి మాటల్లో సన్నాయి నొక్కులు ఎక్కువని అత్తగారు పెట్టిన పేరు అలాగే అతుక్కుపోయింది. ఈమధ్య ఆ నొక్కులన్నీ ఒక్క మనిషి మీదికే మళ్ళాయి. ఆ మనిషి ఆమె భర్త ఆఫీసులో పనిచేసే లెక్కల మేడమ్.

లెక్కల మేడమ్ అన్న పేరు సన్నాయి పెట్టిందే. ఆవిడ లెక్కలు చెప్పే టీచరూ కాదు, జమాఖర్చులు రాసే గుమాస్తా కూడా కాదు. ఊళ్ళోని దుకాణాలకీ చిన్న కంపెనీలకీ వెబ్‌సైట్లు నడిపిపెట్టే ఆఫీసు అది. చల్లటి గదిలో, బీరువాల్లాంటి అరల్లో, సర్వర్లు రాత్రింబవళ్ళు గుయ్యిమంటూ ఉంటాయి. వాటిని చంటిపిల్లల్లా కనిపెట్టుకుని ఉండటం సన్నాయి భర్త పని. మేడమ్ అక్కడికి కొత్తగా వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఇద్దరికీ ఒకటే లెక్కల వాదన. సర్వర్లకి ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కువమంది వాడుతున్నారు? డబ్బిచ్చి కొనేదని ఆవిడ, ఊరికే దొరికేదని ఆయన.

వాదనకి కారణం యజమానే. సర్వర్లన్నిటినీ ఒకే సిస్టమ్ మీదికి మార్చాలని ఆయనకి బుద్ధి పుట్టింది. లోకం ఎటు పోతే మనమూ అటే అన్నది ఆయన పద్ధతి. ఇద్దరూ కలిసి మాట్లాడుకుని ఒక్క మాట చెప్పమన్నాడు. ఆ ‘ఇద్దరూ కలిసి’ అన్న ముక్క సన్నాయి గొంతులో ముల్లులా దిగబడింది.

సాయంత్రం ఇంటికి వచ్చినా వాదన ఆగేది కాదు. భుజాన చంటిది, చెవిన ఫోను, వరండాలో ఆ కొసనుంచి ఈ కొసకి నడక. అమ్మకాల లెక్క ఎలా నమ్ముతారండీ, ఊరికే దొరికేదాన్ని అమ్మేదెవరు, రాసుకునేదెవరు అని ఆయన అంటే, అవతల ఆవిడ ఏమనేదో, ఆయన పగలబడి నవ్వేవాడు. చంటిదానికి మొదటి పన్ను వచ్చిందని చెబితే ‘ఊఁ’ అన్న మనిషి ఈయనే. ఏమిటంత నవ్వు అని సన్నాయి అడిగితే, “ఏం లేదు, ఆఫీసు మాటలే” అనేవాడు.

సన్నాయి చదువు పెళ్ళితో సగంలో తెగిపోయింది. మిగతా సగం చదువుదామనుకునే లోపల చంటిది కడుపున పడింది. అయినా చెవులు రిక్కించి వినేది. ఒక్క కాని మాట దొరికితే చాలు, పట్టుకుని దులిపేద్దామని చూసేది. దొరికేది కాదు. ప్రేమ కబుర్లయితే తిట్టిపోయొచ్చు, ఏడవొచ్చు, పుట్టింటికి పోతానని బెదిరించొచ్చు. మార్కెట్ వాటా గురించి మాట్లాడుకునేవాళ్ళని ఏమని తిడుతుంది? తన తల్లికి ఫోను చేసి చెప్పుకుంటే, అవేవో యంత్రాల గురించేగా తల్లీ అని ఆవిడ తేలిగ్గా తీసేసింది. ఆ యంత్రాల పేరు ఎత్తగానే అల్లుడి మొహం ఎలా వెలిగిపోతుందో ఆవిడ చూడలేదు మరి.

ఇంత మంటలోనూ సన్నాయికి చల్లగా తగిలే జ్ఞాపకం ఒకటుంది. పెళ్ళయిన కొత్తలో మేడ మీద గదిలో ఉండేవాళ్ళు. ఒక వాన సాయంత్రం ఆయన తన పని గురించి కథలా చెప్పాడు. నెట్‌లో దొంగలు తిరుగుతూ ఉంటారట. ప్రతి సర్వరు తలుపూ తట్టి, నీది ఏ సిస్టమ్ అని అడుగుతారట. అది నిజం చెబితే దానికి సరిపోయే తాళంచెవులు పట్టుకొస్తారట. అందుకని ఆయన ఆఫీసు సర్వర్లకి అబద్ధం నేర్పాడు. వాటిలో చాలావరకు ఊరికే దొరికే సిస్టమ్ మీద నడుస్తూ, అడిగినవాళ్ళకి మాత్రం డబ్బిచ్చి కొనే సిస్టమ్ పేరు చెబుతాయి. “ఎవడైనా తలుపు కొడితే పక్కింటివాళ్ళ పేరు చెప్పమన్నాను” అన్నాడు. ఇద్దరూ కడుపు నొప్పెట్టేలా నవ్వుకున్నారు. ఈ సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పలేదన్నాడు. ఆ మాట సన్నాయి ఇప్పటికీ అపురూపంగా దాచుకుంది.

ఆ ఆదివారం చంటిదానికి జ్వరం తగిలింది. ఆయన ఇంట్లోంచి కదలనన్నాడు. సన్నాయి మనసు నిండింది కానీ, ఆ నిండటం ఎంతోసేపు నిలవలేదు. మర్నాడే యజమానికి మాట చెప్పాలట, అందుకని మేడమే మధ్యాహ్నం ఇంటికి వస్తోందట.

సన్నాయి హాల్లో ఆరేసిన పిల్ల బట్టలు తీసేసింది. పాల వాసన వేస్తున్న తన బట్టలు మార్చుకుంది. అద్దంలో చూసుకుంటే నిద్రలేని కళ్ళు గుంటలు పడి కనిపించాయి. మేడమ్ వచ్చింది. మామూలు నూలు బట్టలు, భుజాన ల్యాప్‌టాప్ సంచి. ఏదో ఒక వంక దొరక్కపోతుందా అని సన్నాయి తల నుంచి కాలి దాకా వెతికితే, చెప్పుల మడమలు అరిగి ఉన్నాయి. అదీ సంతోషం ఇవ్వలేదు.

“పాపకి ఎలా ఉంది చెల్లీ?” అంది మేడమ్.

వదినా అని ఉంటే ఆయన ఆవిడకి అన్న అయ్యేవాడు, సన్నాయి సంతోషంగా ఇంకో కప్పు టీ కూడా పెట్టేది. చెల్లీ అంటే ఆయన మరిది. మరిదితో వేళాకోళానికి అడ్డేముంది? తగ్గుతోంది అని పొడిగా చెప్పి వంటింట్లోకి పోయింది.

వంటింటి గుమ్మంలోంచి అంతా వినపడుతూనే ఉంది. లోకమంతా తిరిగి తీసిన లెక్క ప్రకారం తన సిస్టమ్‌దే పైచెయ్యి అన్నాడాయన. ఆ లెక్క వెబ్‌సైట్లని ఎంచిందే కానీ సర్వర్లని ఎంచలేదని మేడమ్ కొట్టిపారేసింది. ఒక్క సర్వరు మీద వెయ్యి చిన్న సైట్లుంటే దాన్ని వెయ్యిగా రాసుకున్నారట. ఒకే ఇంట్లో ఉన్న మనుషుల్ని ఎంచి అన్ని ఇళ్ళున్నాయన్నట్టుంది మీ లెక్క అని ఎగతాళి చేసింది. ఆయన నవ్వి, మరి మీదో అన్నాడు. ఆవిడ తాపీగా తీసి చూపించింది. ఎవరో మన ఊళ్ళోనే ఒక్కో సర్వరు తలుపూ తట్టి పేరు అడిగారు. సగానికి పైగా కొనే సిస్టమ్ పేరే చెప్పాయి.

ట్రేలో కప్పులతో వచ్చిన సన్నాయి, వాడిపోయిన ఆయన మొహం చూసింది. ఆ వాడిపోవడం కూడా ఆవిడ కోసమే అనిపించి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టయింది. ఆయన గురించి నీకు తెలియనిది నాకు తెలుసు అని ఒక్కసారి, ఒక్కసారి చూపించాలనిపించింది.

“అవి నిజమే చెప్పాయని ఎవరన్నారు?” అంది. “ఈయన సర్వర్లు అడిగినవాళ్ళకల్లా పక్కింటి పేరు చెబుతాయి.”

ఆయన చెయ్యి కప్పు మీదే ఆగిపోయింది. మేడమ్ మొదటిసారి సన్నాయి వైపు పూర్తిగా తిరిగింది. “అంటే?”

సన్నాయి భర్త మొహంలోకే చూస్తూ అంతా చెప్పింది. మేడ మీద గదినీ వాననీ మాత్రం చెప్పలేదు. మేడమ్ ల్యాప్‌టాప్ తెరిచి తమ ఆఫీసు సర్వరు ఒకదాన్ని పలకరించింది. అది పక్కింటి పేరు చెప్పింది. ఇంకోదాన్ని పలకరిస్తే అదీ అంతే. ఆవిడ కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది.

“ఊళ్ళో సగం దుకాణాలు మన దగ్గరే కదండీ. నా వైపు ఓట్లన్నీ మీరే గుద్దించారన్నమాట.”

ఆయన తల పట్టుకున్నాడు, తరవాత ఆయనా నవ్వాడు. సన్నాయి అనుకున్నది ఇది కాదు. మేడమ్ చిన్నబోతుందనుకుంది, ఆయన తన వైపు చూస్తాడనుకుంది. చూడకపోగా ఇద్దరూ కుర్చీలు ఇంకా దగ్గరికి జరుపుకున్నారు. మారుపేర్లు పెట్టుకున్న సర్వర్లు ఊళ్ళో ఇంకెన్ని ఉన్నాయో, ముందున్న సర్వరు వెనక దాక్కుని అసలు పలకనివి ఎన్నో అని పోటీలు పడి మాట్లాడుకున్నారు. పెట్టె అడుగున దాచుకున్న కొత్త దుప్పటి తీసి చూపిస్తే, వాళ్ళు దాన్ని పరుచుకుని కూర్చుని కబుర్లు మొదలుపెట్టినట్టయింది సన్నాయికి. ఖాళీ కప్పులు తీసుకెళ్తున్న సంగతి కూడా ఎవరూ గమనించలేదు.

చివరికి ఒక మాటకి వచ్చారు. ఏ లెక్కా నమ్మదగింది కాదు. వాటాలు చూసి కాదు, మన పనికి ఏది సరిపోతుందో చూసి తేల్చుకోమని యజమానికి చెప్పాలి.

“ముందు ఆ మారుపేర్లు తీసేయండి, దొంగలకి అవేం అడ్డు కావు” అంది మేడమ్, సంచి భుజాన వేసుకుంటూ. “ఆ తరవాత సరదాకైనా ఊరి లెక్క మనిద్దరమే సొంతంగా తీద్దాం. చెల్లీ, నువ్వు చెప్పకపోతే ఇంకా కొట్టుకుంటూనే ఉండేవాళ్ళం.”

కొట్టుకున్నా బాగుండేది అనుకుంది సన్నాయి.

ఆవిడ వెళ్ళాక ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సన్నాయి చంటిదాన్ని భుజాన వేసుకుని వెనక నిలబడింది.

“నేనే మర్చిపోయాను. నీకెలా గుర్తుంది?” అన్నాడు.

“మీరు నాతో చెప్పినవి ఎన్నని, మర్చిపోడానికి?”

ఆయన వేళ్ళు ఆగాయి. మళ్ళీ ఒక్కొక్క సర్వరుకీ నిజం చెప్పడం నేర్పుతూ పోయాడు.

“ఒక్కదాన్ని అలాగే ఉంచండి” అంది సన్నాయి.

“ఎందుకు? లెక్క తప్పుతుంది.”

“ఎవరి లెక్క?”

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. నిద్రలేని ఆ కళ్ళని ఆయన చాలా రోజులకి చూసినట్టున్నాడు. వాన సాయంత్రం నాడు చెప్పిన సర్వరు, అన్నిటికన్నా ముందు అబద్ధం నేర్చుకున్నది, ఇంకా మూల అరలో పనిచేస్తూనే ఉందన్నాడు. దాన్ని ముట్టుకోకుండా వదిలేశాడు.

అప్పుడే ఫోను మోగింది. మేడమ్. ఆయన స్పీకర్ నొక్కాడు.

“అన్నీ తీసేశారా?”

ఆయన సన్నాయి వైపు చూశాడు. “అన్నీ తీసేశాను మేడమ్.”

“ఒక్కటీ మిగల్లేదు కదా? మన లెక్క మన సర్వర్లతోనే మొదలు.”

“ఒక్కటీ లేదు.”

సన్నాయి కడుపులో మంట మీద ఎవరో నీళ్ళు చల్లినట్టయింది. ఆవిడకి దొరకనిది ఒకటి మిగిలింది. ఆవిడ ఎంత ఎంచినా అది తప్పే అవుతుంది, ఆ తప్పు తనది. చంటిదాని నుదురు తడిమి చూసింది. జ్వరం దిగుతోంది.

ఆయన ఫోను పెట్టేసి, “సరేనా?” అన్నాడు నవ్వుతూ.

“ఊఁ” అంది.

అంది కానీ, చంటిదాన్ని జోకొడుతున్న చెయ్యి నెమ్మదించింది. ఎంత నున్నగా చెప్పాడు. గొంతు తడబడలేదు, రెప్ప వాలలేదు. ఆ గొంతు ఆమెకి బాగా తెలుసు. వరండాలో ఫోను పెట్టేసి, ఏం లేదు, ఆఫీసు మాటలే అన్నప్పుడు కూడా అచ్చం ఇలాగే ఉండేది.